ఇద్దరికీ ఒకే వకీలు

నాలుగేళ్ల పాటు బిలాస్‌పూర్ జిల్లా కోర్టు వరండాలో ఒక బల్ల మీద కూర్చున్నాను. నేను ముద్దాయినీ కాదు, సాక్షినీ కాదు. మా ఆయన ఆ కేసులో మొదటి ముద్దాయి, మా తమ్ముడు రెండో ముద్దాయి. ఇద్దరివీ రైలు డ్యూటీలే కాబట్టి పేషీ రోజున ఒకరు స్టేషన్ నుంచి నేరుగా వచ్చేవారు, ఇంకొకరు సెలవు పెట్టుకుని ఇంటి నుంచి వచ్చేవారు. నేను ఇద్దరికీ అన్నం కట్టుకుని ముందే వెళ్లి కూర్చునేదాన్ని. వాయిదా అనే మాట మా ఇంట్లో ఎప్పుడో పోయింది. ఇక్కడి అందరిలాగే మేమూ పేషీ అనే అంటాం. పేరేదైనా జరిగేది ఒకటే. పేరు పిలుస్తారు, లోపలికి వెళ్తారు, మరో తేదీ చేతిలో పెట్టుకుని బయటికి వస్తారు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో ఖలాసీగా చేరడానికి ఇక్కడికి వచ్చాడు. నేనూ తమ్ముడూ క్వార్టర్లోనే పుట్టాం. వాడు నాకంటే పదమూడేళ్లు చిన్న. వాడికి ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. నాన్న డ్యూటీకి పోతే వాణ్ణి చూసేవాళ్లు లేరు. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. వాణ్ణి మన దగ్గరికి తెచ్చుకుందామని ఎలా అడగాలా అని నేను సతమతమవుతుంటే, మా ఆయనే ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేశాడు. ఆయన గూడ్సు రైళ్ల మీద గార్డు. ఇంట్లో ఉన్న రోజున సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వాణ్ణి బడికి దింపేవాడు. లెక్కలు ఆయనే నేర్పాడు. రైల్వే పరీక్ష ఫారం ఆయనే నింపాడు. వాడు అసిస్టెంట్ లోకో పైలట్ అయిన రోజు స్వీట్ల డబ్బా పట్టుకుని కాలనీ అంతా తిరిగినవాడూ ఆయనే. తమ్ముడు తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. ఊరి నుంచి శుభలేఖ వస్తే నేనే చదివి చెప్పాలి. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో తెలియకపోతే నేను చేసిన పని అర్థం కాదు. తెలిసినా అది ఒప్పైపోదని కూడా నాకు తెలుసు.

ఊళ్లోనే లింగియాడీహ్ అనే పేటలో చిన్న స్థలం కొనుక్కుని ఇల్లు మొదలుపెట్టాం. పక్కింటాయన రిటైరైన బడిపంతులు. అందరూ గురూజీ అనేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. తమ్ముడొక్కడు చాచా, అంటే బాబాయ్, అనేవాడు. మనిషి కొంచెం మాటకారి. పునాది తవ్వే రోజుల్లో తన పెరట్లో పండిన లాల్ భాజీని, అంటే ఎర్ర తోటకూరను, కట్టలు కట్టి గోడ మీదుగా నాకు అందించేవాడు. మా మేస్త్రీ మురుగునీటి పైపును ఆయన పెరటి వైపు పెట్టాడు. ఆ నీళ్లు వెళ్లి ఆయన మడిలో నిలబడేవి. ఆయన రెండుసార్లు చెప్పాడు. చేయిస్తాం అన్నాం, చేయించలేదు. ఒక ఆదివారం పొద్దున ఆయన రాళ్లూ మట్టీ తెచ్చి పైపు నోరు మూసేశాడు.

మా ఆయన ముందు రోజంతా డ్యూటీ చేసి, నిద్ర లేకుండా నేరుగా అక్కడికే వచ్చాడు. నేను పైన కొత్త స్లాబుకి నీళ్లు పెడుతున్నాను. కింద మాటామాటా పెరిగింది. ముందు తిట్టింది మా ఆయనే. గురూజీ తిరిగి తిట్టాడు. తమ్ముడు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి గురూజీని రెండు చేతులా పట్టుకుని, వద్దు చాచా, వద్దు చాచా అంటూ వెనక్కి నెడుతున్నాడు. అప్పుడు మా ఆయన పేర్చిన ఇటుకల్లోంచి ఒకటి తీసి విసిరాడు. అది గురూజీ కుడి భుజం మీద, మెడకు దగ్గరగా తగిలింది. ఆయన కూలబడిపోయాడు. నా చేతిలో పైపు నుంచి నీళ్లు నా కాళ్ల మీద పడుతూనే ఉన్నాయి. ఇటుక చేయి వదలడం దగ్గర్నుంచి అంతా నేను చూశాను.

గురూజీకి మెడ కింద ఎముక విరిగింది. ఆయనకు తెలిసినంత వరకు ఒకడు పట్టుకున్నాడు, ఇంకొకడు కొట్టాడు. ఎవరు ఏది చేశారో చూసుకునేలోపే అంతా అయిపోయింది. పోలీసులు ఇద్దరి పేర్లూ రాశారు. ఇద్దరూ ఒకే ఉద్దేశంతో చేశారని సెక్షను వేశారు. దాని ప్రకారం ఇటుక విసిరిన చేయి ఎవరిదైనా తప్పు ఇద్దరిదీ సమానమే. ఠాణాలోనే బెయిలు ఇచ్చి పంపారు. నన్ను అడిగినప్పుడు స్లాబు మీద వెనక వైపున ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పాను. ఎవరూ చెప్పమనలేదు. అదే నోటికి వచ్చింది. ఆ నెలలోనే పైపును రోడ్డు వైపు తిప్పించాం. అది అరపూట పని.

వకీలును కుదిర్చింది కూడా నేనే. ముసలాయన, నెమ్మదస్తుడు, కాలనీలో చాలామందికి పని చేసి పెట్టినవాడు. కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద ఆయన బల్ల ఉండేది. ఇద్దరికీ ఆయన ఒక్కడే. ఇంకోలా ఉండొచ్చన్న ఆలోచనే మాకు రాలేదు. ఊరి నుంచి మా పిన్ని ఫోన్ చేసినప్పుడు ఆ మాట వస్తే, ఒకే ఇంటి మగవాళ్లకి ఇద్దరు వకీళ్లేటే, నవ్విపోరేటి అంది. ఇద్దరూ ఆయనకు చెప్పిన కథ కూడా ఒకటే. పేర్చిన ఇటుకలు జారి ఒకటి గురూజీ మీద పడిందని. ఆ కథ ముందుగా ఎవరు అన్నారో నాకు గుర్తు లేదు. ఎవరూ ఎదురు చెప్పలేదన్నది మాత్రం గుర్తుంది.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి గురూజీకి ఒంట్లో బాగోలేదు, ఒకసారి పోలీసాయన రాలేదు. నేను ఇంటి పనులన్నీ పేషీ తేదీల చుట్టూ సర్దుకోవడం నేర్చుకున్నాను. కోపం, భయం అన్నీ కొన్నాళ్లకే ఆవిరైపోయాయి. ఒక రకమైన నీరసం మాత్రం మిగిలింది. పొద్దున లేవగానే అది ఒంట్లో ఉండేది.

రెండో ఏడు చివర్లో ఒక పేషీకి ఇద్దరూ హాజరై డ్యూటీకి వెళ్లిపోయాక, వకీలు గారు నన్ను ఆపి కూర్చోమన్నాడు. ఆయన హిందీలోనే మాట్లాడాడు. కాని ఆ మాటలు నాకు ఎన్నిసార్లు గుర్తొచ్చాయో, కూతుర్ని పిలిచినట్టు పిలిచిన ఆ బిటియా తప్ప, ఇప్పుడు తెలుగులోనే వినిపిస్తాయి.

"బిటియా, వీళ్లిద్దరూ ఎవరికి వారు విడిగా వచ్చి నాతో మాట్లాడారు. ఏం చెప్పారో నీకు చెప్పకూడదు. ఇద్దరి మాటా ఒకటి కాదు. ఇటుకలు జారాయన్నది డాక్టరు కాగితం ముందు నిలబడదు. ఒకణ్ణి బయట పడేయాలంటే రెండోవాడి పేరు ఎత్తాలి. ఇద్దరికీ నేనే ఉంటే ఎవరి పేరూ ఎత్తలేను. ఇద్దరికీ వేరే వేరే వకీళ్లను చూసుకోమని చెప్పు. ఇద్దరి లోపలి మాటా విన్నాక నేను ఒకడి పక్క నిలబడటం న్యాయం కాదు."

నేను తల ఊపాను. టెంపోలో ఇంటికి వస్తూ ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. తమ్ముడికి వేరే వకీలు వస్తే అడిగే మొదటి ప్రశ్న, ఇటుక ఎవరు విసిరారని. జవాబు మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అప్పటిదాకా దాన్ని ఎవరం పైకి అనలేదు కాబట్టి ఒకే కంచాల వరసలో కూర్చుని తినగలుగుతున్నాం. అన్నాక ఎలా తింటాం? బావను జైలుకు పంపి తమ్ముడు బయట తిరుగుతాడా? పెంచినవాడికి ఇదా అని లోకం అనదా? ఇలా ఎన్నో అనుకున్నాను. తమ్ముడు చేయని పనికి సగం మోస్తున్నాడన్న సంగతి కూడా నాకు తట్టింది. అది తట్టినప్పుడల్లా, ఇద్దరూ బయటపడతారులే అనుకునేదాన్ని.

ఇంటికి వచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. తరవాతి పేషీకి వకీలు గారు, వాళ్లిద్దరూ ఏమనుకున్నారని నన్ను అడిగితే, ఇద్దరికీ మీ మీదే నమ్మకం, మిమ్మల్నే ఉండమంటున్నారని చెప్పాను. అంత తేలిగ్గా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు. ఆయన కాసేపు నా మొహం చూసి, సరే, సాక్ష్యాలు మొదలయ్యేదాకా చూద్దాం అన్నాడు. వాళ్లను తనే అడిగి ఉండాల్సిందని తరవాత ఆయనే అన్నాడు. పెద్దవాడు, అలసిపోయినవాడు. నేను చెప్పినది నమ్మడం ఆయనకూ సుఖంగానే ఉండి ఉంటుంది.

ఆ ఏడాదిలోనే తమ్ముడి బ్యాచ్ వాళ్లకు గూడ్సు లోకో పైలట్‌గా ప్రమోషన్ వచ్చింది. కేసు నడుస్తోంది కాబట్టి వీడిది కవరులో పెట్టి సీలు వేశారు, కేసు తేలాకే తెరుస్తారట. వాడి కంటే తరవాత చేరినవాళ్లు బండి నడుపుతుంటే వీడు పక్క సీట్లో కూర్చుని సిగ్నళ్లు పలుకుతున్నాడు. రెండు సంబంధాలు వచ్చి, కేసు సంగతి విని తిరిగి వెళ్లిపోయాయి. వాడు ఏమీ అనేవాడు కాదు. అన్నం తక్కువ తినేవాడు. బావతో మామూలుగానే ఉండేవాడు. మా ఆయనే వాడి కళ్లలోకి చూడటం మానేశాడు. గోడకేసి చూస్తూ మాట్లాడేవాడు.

చివరికి సాక్ష్యాలు మొదలయ్యే రోజు వచ్చింది. గురూజీ వచ్చి లోపల కూర్చున్నాడు. ఆయన కుడి చేయి భుజం దాటి పైకి లేవదని ఆ రోజే తెలిసింది నాకు. కళ్లద్దాలు ఎడమ చేత్తో పెట్టుకుంటున్నాడు. వకీలు గారు లోపలికి వెళ్లబోతూ వరండాలో మా ముగ్గురినీ దగ్గరికి పిలిచాడు. ఒకసారి సాక్షిని ప్రశ్నించడం మొదలుపెట్టాక మళ్లీ వెనక్కి పోలేం, వేరే వకీళ్లు వద్దని మీరిద్దరూ గట్టిగా అనుకున్నట్టేనా, పోయినేడు ఈమెతో చెప్పి పంపించాను కదా అని అడిగాడు.

మా ఆయన ఏమీ అర్థం కానట్టు చూశాడు. తమ్ముడు నా వైపు తిరిగాడు.

"ఏటి చెప్పినారక్కా నీతో?"

చెప్పాను. అక్కడే, నిలబడే, మొత్తం చెప్పాను.

"పోయినేడా?"

"ఊఁ."

"అచ్ఛా," అన్నాడు.

అంతే అన్నాడు. తరవాత వకీలు గారి వైపు తిరిగి, తనకు వేరే వకీలు కావాలని, ఈ రోజుకి ఆపి మరో తేదీ అడగమని హిందీలో చెప్పాడు. ఆయన అలాగే చేసి, రెండు ఫైళ్లూ మూట కట్టించి ఎవరిది వాళ్లకు ఇచ్చేశాడు. ఏడాది పాటు నన్ను నమ్మి ఇద్దరికీ అన్యాయం చేశానేమోనని మాత్రం అన్నాడు. నన్ను తిట్టి ఉంటే కొంచెం బాగుండేది.

తమ్ముడు పది రోజులు ఇంటికి రాలేదు. రైలు సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములోనూ, ఒక స్నేహితుడి క్వార్టర్లోనూ ఉన్నాడు. వచ్చినప్పుడు బట్టలు తీసుకోవడానికి వచ్చాడు. నేను వంటింట్లో ఉంటే గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఆ రోజు నువ్వు స్లాబు మీదే ఉన్నావు. నా చేతులు ఎక్కడున్నాయో చూసినావు కదేటి?"

"చూశానురా."

"బస్, చాలు. మరేటీ అడగను," అని మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మా ఆయన కోప్పడతాడనే భయపడ్డాను. ఆయన ఒక్కటే అడిగాడు. వాడు పెట్టుకున్న వకీలు గట్టివాడేనా అని. ఆడమనిషి, వయసు చిన్నదే గాని బాగా వాదిస్తుందట అని చెప్పాను. మంచిదే అన్నాడు. తరవాత ఆయన కూడా ఇంకొకరిని కుదుర్చుకున్నాడు.

ఆ తరవాత పేషీలు నాకు ఇంకా కష్టమయ్యాయి. వరండాకు ఆ చివర తమ్ముడూ వాడి వకీలూ, ఈ చివర మా ఆయనా ఆయన వకీలూ. ఎటు కూర్చున్నా రెండో వాళ్లకు వెన్ను చూపించినట్టే ఉండేది. చాలాసార్లు మెట్ల మీదే కూర్చునేదాన్ని. అన్నం రెండు డబ్బాల్లో పెట్టి తెచ్చేదాన్ని. తమ్ముడు తీసుకునేవాడు, తినేవాడు, డబ్బా కడిగి ఇచ్చేవాడు. మాట ఉండేది కాదు.

గురూజీని తమ్ముడి వకీలు, ఆ అమ్మాయి, ఎంతో మర్యాదగా ప్రశ్నించింది. ఈ అబ్బాయి మిమ్మల్ని పట్టుకున్నప్పుడు ఏమన్నాడు అని అడిగింది. గురూజీ ఆలోచించి, వద్దు చాచా అన్నాడన్నాడు. కొట్టడానికి పట్టుకున్నవాడు వద్దంటాడా అని అడిగింది. గురూజీ ఎడమ చేత్తో కళ్లద్దాలు సర్దుకుని తమ్ముడి వైపు చూశాడు. అన్నాళ్లూ తనను అలా ఎవరూ అడగలేదని, ఇప్పుడు ఆలోచిస్తే వాడి రెండు చేతులూ తన మీదే ఉన్నాయని, ఇటుక ఎదురుగా దూరం నుంచి వచ్చిందని చెప్పాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. మా ముసలి వకీలే ఉండి ఉంటే అడగలేకపోయే ప్రశ్న అది. ఆయనకు తెలియక కాదు. అడిగితే మా ఆయన మునిగిపోతాడు కాబట్టి. వేరే వకీలు అంటే ఏమిటో ఆ రోజుకు గాని నాకు అర్థం కాలేదు. ఒకరి మీద ఒకరు కత్తి దూసుకోవడమని అనుకున్నాను. నిజానికి ఒక మనిషి తరఫున అడగాల్సిన ప్రశ్న అడగడం, అంతే.

అయినా గురూజీ మాట ఒక్కటే చాలదని, చూసినవాళ్లు ఎవరైనా చెబితే బాగుంటుందని ఆ అమ్మాయి అంది. నన్ను సాక్షిగా పిలవనా అని నేరుగా నన్నే అడిగింది. పోలీసులకు ముందు ఏమీ చూడలేదని చెప్పాను కదా అంటే, దాని గురించి కూడా అడుగుతారు, నిజమే చెప్పాల్సి ఉంటుంది అంది. రెండు రోజులు గడువు అడిగి, సరే అన్నాను. ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియలేదు. మా ఆయనే డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ ఎత్తాడు.

"నిన్ను పిలుస్తారట కదా?"

"అవునండీ."

"చూసినది చెప్పీ. నేనేటీ అనుకోను," అన్నాడు.

మా వైపు సాక్షుల్ని పిలిచే ముందు ముద్దాయిల మాట వింటారు. జడ్జి ఒక్కొక్క ప్రశ్నా చదివి, దీనికి మీరేమంటారని అడుగుతాడు. అన్నింటికీ అబద్ధం అనే చెప్పమని మా ఆయన వకీలు ముందే నేర్పాడు. మా ఆయన మొదటి రెండింటికీ అలాగే అన్నాడు. ఇటుక మాట వచ్చేసరికి జడ్జి వైపు తిరిగాడు. తరవాత రైల్వే హిందీలో, ఇటుక నేనే విసిరాను సాబ్, ఆ అబ్బాయి గురూజీని ఆపుతున్నాడు అన్నాడు. ఆయన వకీలు చేతిలో కలం కింద పెట్టేశాడు. తమ్ముడు తల ఎత్తలేదు. గది అంతా టైపు చేసే చప్పుడు ఒక్కటే.

నన్ను పిలవాల్సిన పని లేకపోయింది. బయట మెట్ల మీద ఆ అమ్మాయి వచ్చి, మీరు ఇంటికి వెళ్లొచ్చు అంది. నాకు తేలికపడాలి. పడలేదు. నేను నోరు విప్పి చెప్పాల్సిన మాటను చివరికి ఆయనే చెప్పేశాడు. నేను దాన్ని ఎక్కడా, ఎవరి ముందూ, ఒక్కసారి కూడా చెప్పలేదు.

తమ్ముణ్ణి వదిలేశారు. మా ఆయన తప్పు చేసినట్టు తేలింది. ఇంతకు ముందు ఏ కేసూ లేదని, తప్పు ఒప్పుకున్నాడని, జైలు వద్దని గురూజీ కూడా అన్నాడని, మంచి నడవడి మీద బాండు రాయించుకుని పంపేశారు. ఆ మధ్యాహ్నం కోర్టు గేటు బయట మా ఆయన గురూజీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. గురూజీ ఎడమ చేత్తో ఆయన భుజం తట్టి రిక్షా ఎక్కాడు. డిపార్ట్‌మెంటు విచారణ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. మా ఆయన్ని లైను మీంచి దింపి ఆఫీసులో కూర్చోబెట్టారు. దానికీ తేదీలుంటాయి.

తమ్ముడి కవరు తెరిచారు. ఇప్పుడు కట్నీ లైన్లో గూడ్సు నడుపుతున్నాడు. వేరే క్వార్టర్ తీసుకున్నాడు. మిగిలిన సామాను పట్టుకెళ్లడానికి వచ్చిన రోజు, పుస్తకాలు పెట్టెలో సర్దుతూ నేను అడిగాను. వకీలు గారు నాతో అన్న రోజే నీకు చెప్పి ఉంటే ఏం చేసేవాడివిరా అని.

వాడు పెట్టెకు తాడు కట్టడం పూర్తి చేశాడు.

"వద్దనేవాణ్ణేమో అక్కా. బావకి ఏటైనా అయితే ఎలాగని ఒకే వకీలు చాలనేవాణ్ణేమో. కాని అది అనడం నా వంతు కదా. నా బదులు నువ్వు అనేసినావు."

 నేను పెట్టె రెండో వైపు పట్టుకున్నాను, ఆటో దాకా మోసుకెళ్లాం.

వాడు ఆదివారాలు ఫోన్ చేస్తాడు. బావతో ఇంజను సంగతులు, ఎక్కడ బండి ఎంతసేపు ఆపారన్నది గంటసేపు మాట్లాడతాడు. ఇద్దరూ నవ్వుకుంటారు కూడా. వాళ్ల మధ్య ఏదో సర్దుకుంది. ఎలాగో నాకు తెలియదు, అడగను. తరవాత ఫోను నాకిస్తే, ఒంట్లో ఎలా ఉంది, మందులు వేసుకుంటున్నావా అని అడుగుతాడు. పోయిన నెల వాడికి పెళ్లి కుదిరింది. అమ్మాయి ఇక్కడి తెలుగు వాళ్ల పిల్లే, బ్యాంకులో పని. వాడే వెళ్లి చూసుకుని, వాడే మాట్లాడుకుని, తేదీ కూడా అనుకున్నాక నాకు చెప్పాడు. మంచిదిరా అన్నాను. శుభలేఖ తెలుగులో కూడా వేయిస్తున్నానని, రాసి ఇమ్మని అడిగాడు. రాస్తున్నాను. రెండుసార్లు రాసి చించేశాను. పెద్దల పేర్ల దగ్గర నా పేరు పెట్టాలా వద్దా అని వాణ్ణి ఇంకా అడగలేదు.